వేయి మైళ్ల పందెపు చివరి విజేత

మోటారు పందెములను గూర్చి మనకు వినవచ్చు వార్తలు సాధారణముగా రెండు విధములు. ఎవరో గెలిచిరన్నది ఒకటి. ఎవరో మరణించిరన్నది రెండవది. 1957వ సంవత్సరము మే 12వ తేదీన ఇటలీ దేశమునుండి ఈ రెండు వార్తలును ఒకే పందెమును గూర్చి ఒకేసారి వెలువడినవి. ఆనాడు గెలిచినవాడు పియెరో తారుఫీ. అప్పటికి అతని వయస్సు 50 ఏండ్లు; తల పూర్తిగా నెరసినది; వృత్తివిద్యచేత అతడు ఇంజనీరు. ఎన్నో ఏండ్లు ప్రయత్నించి, ఎన్నోమార్లు చేతికందినట్లే అంది జారిపోయిన విజయమును అతడు ఆనాడు సాధించెను. ఆ సంవత్సరము ముగియకముందే ఆ విజేతయే కలము పట్టి, ఇట్టి పందెములను మాన్పింపవలెనని లోకమునకు విన్నవించెను. జీవితమునందు అధికభాగమును వేగమునకే అర్పించిన మనుష్యుడు అట్లేల వ్రాసెను? దీనికి సమాధానము అతని చరిత్రయందే కలదు. దానిని మనము కొంత పరిశీలింతము.

తారుఫీ 1906వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీన రోము నగరమున జన్మించెను. ఇంజనీరింగు విద్య నభ్యసించుచునే మోటారుసైకిలు పందెములలో దిగెను. 1932లో నార్టన్ మోటారుసైకిలుపై 500 సి.సి. తరగతిలో ఐరోపా విజేతగా నిలిచెను. యంత్రమును నడుపుటతో అతడు తృప్తిపడువాడు కాడు. అది ఎందుకట్లు నడుచుచున్నదో, ఇంకను వేగముగా ఏల నడువరాదో కాగితముపై లెక్కవేసి చూచుట అతని స్వభావము.

ఆ స్వభావమునకు 1937వ సంవత్సరపు ప్రయత్నమే నిదర్శనము. వేగము రెట్టింపైనచో గాలి ప్రతిఘటన నాలుగు రెట్లగునని భౌతికశాస్త్రము చెప్పుచున్నది. కావున ఇంజను బలమును పెంచుటకంటె వాహనపు ఆకారమును గాలికి అనుకూలముగా మలచుటయే లాభకరము. తారుఫీ నాలుగు సిలిండర్ల జిలేరా మోటారుసైకిలునకు నిండుగా తొడుగు తొడిగించి, తానా తొడుగులో ఒదిగి కూర్చుండి, బెర్గామో, బ్రెషియా నగరముల నడుమ నున్న మోటారు రహదారిపై గంటకు 274 కిలోమీటర్ల వేగము నందుకొనెను. అది అప్పటికి మోటారుసైకిళ్లలో ప్రపంచ రికార్డు. నెల దాటిన కొలది దినములకే జర్మనీ దేశీయుడైన హెన్నె దానిని అధిగమించెను. అయినను తారుఫీ ఆ మార్గమును విడువలేదు. యుద్ధానంతరము అతడు తానే ఒక వింత వాహనమును కల్పించెను. దానికి రెండు టార్పెడోలవంటి కాయములు; వాటిని కలుపుచు నడుమ ఒక అడ్డపట్టీ. ఒక కాయమున ఇంజను, మరియొక కాయమున నడుపువాడు. ఈ వాహనముతో అతడు పెక్కు రికార్డులను స్థాపించెను.

ఇక కార్ల విషయము. పందెపు కార్లలో రెండు జాతులు కలవని పాఠకులు గుర్తింపవలెను. ఒకటి ఒక్కసీటు కారు. ఇది పందెమునకు తప్ప మరి దేనికిని పనికిరాదు. చక్రములు బయటికి కానవచ్చుచుండును. మూసివేసిన దారిలో, అదే చుట్టును మరల మరల తిరుగును. రెండవది స్పోర్ట్సు కారు. దీనికి మడ్‌గార్డులు, దీపములు, ఇద్దరికి సీట్లు ఉండును. దీర్ఘదూరపు పందెములు దీని క్షేత్రము. కొందరు ఒక దానియందు ఆరితేరి రెండవదానియందు సామాన్యులై యుందురు. తారుఫీ రెండింటను రాణించెను.

అయితే ఆ రాణింపు సుఖముగా వచ్చినది కాదు. 1934లో, అప్పటికి ఇటలీ అధీనమున నుండిన ట్రిపోలీ నగరపు పందెమున అతడు 16 సిలిండర్ల మసెరాటీ కారును నడిపెను. మహావేగమున పోవుచుండగా బ్రేకులు పనిచేయక కారు దారి తప్పి దూకెను. అతడు తీవ్రముగా గాయపడి చాలకాలము ఆసుపత్రి పాలయ్యెను. బ్రతికి లేచినవాడు మరల కార్లయొద్దకే వచ్చెను.

రెండవ ప్రపంచయుద్ధము అతని యౌవనపు మంచి యేండ్లను మ్రింగివేసెను. యుద్ధము ముగియునప్పటికి అతనికి నలుబది ఏండ్లు సమీపించినవి. ఇతరులు విశ్రాంతి తీసికొను ఆ వయస్సులో అతని అసలు చరిత్ర ఆరంభమయ్యెను. చిన్న చిసిటాలియా కార్లతో మొదలిడి, ఒకవంక జిలేరా మోటారుసైకిళ్ల పందెపు శాఖను నిర్వహించుచు, అతడు ఫెరారీ సంస్థ కార్లలో స్థానము సంపాదించెను.

1951 నవంబరులో మెక్సికో దేశమున ఒక మహాపందెము జరిగెను. దేశపు దక్షిణపు కొననుండి ఉత్తరపు సరిహద్దు వరకు మూడువేల కిలోమీటర్లకు పైబడిన దారి. పర్వతములు, ఎడారులు, ఎత్తైన పీఠభూములు దాటి పోవలెను. తారుఫీయు, అతని సహచరుడు లుయీజీ కినెట్టీయు ఫెరారీ కారులో మొదటివారుగా గమ్యము చేరిరి. రెండవ స్థానము అస్కారీ, విల్లొరేసీలకు దక్కెను. పోటీదారులలో కొందరు ఆ పందెమున ప్రాణములు కోల్పోయిరి. నెరసిన తలగల ఈ నేర్పరిని చూచి మెక్సికో ప్రజలు ‘వెండి నక్క’ యని ముద్దుపేరు పెట్టిరి. ఆ పేరు అతనికి జీవితాంతము నిలిచిపోయెను.

మరుసటి యేడు ఒక్కసీటు కార్లలో అతని ఉత్తమ సంవత్సరము. 1952 మే 18న స్విట్జర్లాండులో బెర్న్ నగరము చెంత బ్రెంగార్టెన్ అడవిదారిలో ప్రపంచ ఛాంపియన్‌షిప్పు పందెము జరిగెను. ఫెరారీ జట్టులోని మేటియైన అస్కారీ ఆ దినములలో ఇండియానాపొలిస్ పందెమునకై అమెరికా వెళ్లియుండెను. ముందు నడచిన ఫరీనా కారు దారిలో చెడిపోయెను. తారుఫీ మూడు గంటలకు పైగా కారును నిబ్బరముగా నడిపి గెలిచెను. ప్రపంచ ఛాంపియన్‌షిప్పు పందెములలో అతని ఏకైక విజయమిదియే. ఆ యేడు చివర లెక్కలలో అస్కారీ, ఫరీనాల తరువాత మూడవ స్థానము అతనిది.

తరువాతి సంవత్సరములలో అతడు రెండు జాతుల కార్లను విడువక నడిపెను. 1954లో లాంచియా కారుతో సిసిలీ ద్వీపపు ప్రసిద్ధమైన టార్గా ఫ్లోరియో పందెమును గెలిచెను. 1955లో మెర్సిడెస్ సంస్థ అతనిని పిలిచి తన ఒక్కసీటు కారు నప్పగింపగా, ఇంగ్లండున నాలుగవ స్థానమును, మోంజాలో రెండవ స్థానమును పొందెను. మోంజాలో మొదటివాడు ఫాన్జియో. ఇద్దరి నడుమ వ్యవధి ఒక సెకండైనను లేదు. అప్పటికి తారుఫీకి 49వ యేడు నడచుచుండెను.

ఇన్ని సాధించినను అతని మనస్సును పట్టి పీడించినది ఒక్క పందెమే. దాని పేరు మిల్లె మిల్యా, అనగా వేయి మైళ్లు. 1927లో బ్రెషియా నగరపు యువకులు నలుగురు దీనిని స్థాపించిరి. బ్రెషియాలో బయలుదేరి, ఆడ్రియాటిక్ తీరము వెంబడి దక్షిణమునకు దిగి, కొండలు దాటి రోము చేరి, ఫ్లోరెన్సు, బొలోన్యాల మీదుగా మరల బ్రెషియాకే రావలెను. సుమారు 1,600 కిలోమీటర్లు. ఇది పందెమునకై కట్టిన దారి కాదు. పల్లెవాసులు బండ్లు తోలుకొను రోడ్డు, ఊరి నడివీధులు, వంతెనలు, రైలుగేట్లు. కార్లు నిమిషమున కొకటి చొప్పున రాత్రియంతయు బయలుదేరుచుండును. చిన్న కార్లు ముందు, పెద్దవి చివర. బయలుదేరు వేళయే కారు సంఖ్య. 535 అని కారుపై వ్రాసియున్నచో తెల్లవారుజామున 5 గంటల 35 నిమిషములకు బయలుదేరినదని అర్థము. ఇంటిముంగిట నిలిచి చూచు ముసలివారును పిల్లలును ఆ అంకెనుబట్టి ఎవరు ముందో, ఎవరు వెనుకో తామే లెక్కకట్టుకొనుచుండిరి. ఇటలీ ప్రజలకు ఇది ఏటేట వచ్చు తిరునాళ్లవంటిది. టిక్కెట్టు లేదు, కంచె లేదు.

ఆ కంచె లేకపోవుటయే దాని శోభ, దాని దోషము. 1938లో బొలోన్యాలో ఒక కారు జనములోనికి దూసికొనిపోగా 10 మంది మరణించిరి. వారిలో 7గురు పిల్లలు. ప్రభుత్వము పందెమును నిలిపివేసెను. 1940లో మూసివేసిన చిన్న దారిలో ఒకసారి జరిగెను. యుద్ధము తరువాత, 1947లో, జనము కోరికపై వేయి మైళ్ల దారి మరల తెరువబడెను. ఈ నడుమ కార్ల వేగము ఎంతయో పెరిగెను. రోడ్డు మాత్రము దాదాపు ఆ రోడ్డే. వేగము రెట్టింపైనచో కారు ఆగుటకు వలయు దూరము సుమారు నాలుగు రెట్లగును. ఈ లెక్క రోడ్డుప్రక్కన నిలిచిన రైతునకు తెలియదు, ఇంజనీరునకు తెలియును.

తారుఫీ ఈ పందెమున మొదటిసారి పాల్గొన్నది 1930లో. తరువాత ఎన్ని పర్యాయములు పోయెనో అన్ని పర్యాయములును భంగపడెను. 1954లో ముందంజలో నుండి దారి తప్పెను. 1955లో పెస్కారా చేరునప్పటికి మొదటివాడుగా నుండి, తరువాత కారు చెడి ఆగిపోయెను. ఈ పందెము గెలిచిననాడు కార్లకు స్వస్తి చెప్పుదునని భార్యకు మాట యిచ్చియుండెను. ఆ మాట నిలుపుకొనుటకైనను గెలువవలసి యుండెను.

1957 మే నెలలో ఫెరారీ సంస్థ అతనికి 535 సంఖ్యగల కారు నిచ్చెను. అదే సంస్థ కార్లలో కాలిన్స్, ఫాన్ ట్రిప్స్, స్పెయిను దేశపు ప్రభువంశీయుడైన డి పోర్తాగోలును బయలుదేరిరి. డి పోర్తాగో కారు సంఖ్య 531. అనగా తారుఫీకంటె నాలుగు నిమిషములు ముందు. అందరు భయపడిన మాస్ అను ఆంగ్లేయుని మసెరాటీ కారు బ్రేకు పెడలు విరిగి తొలి మైళ్లలోనే ఆగిపోయెను. కాలిన్స్ చాల దూరము ముందు నడచి, పార్మా చెంత కారు చెడి నిలిచిపోయెను. తారుఫీ కారును నిర్దోషముగా లేదు. ఇంజను బలమును చక్రములకు చేర్చు భాగము దెబ్బతినియుండెను. కొండలలో వాన కురిసెను. బొలోన్యాలో ఎంజో ఫెరారీ అతనికి ధైర్యము చెప్పి పంపెను. యంత్రము నెరిగినవాడగుటచే తారుఫీ దానిని నొప్పింపక, బుజ్జగించుచు నడిపెను. వెనుక వచ్చుచున్న ఫాన్ ట్రిప్స్ అతనిని దాటుటకు ప్రయత్నింపలేదనియు, అది పెద్దవానికి చూపిన గౌరవమనియు పలువురు వ్రాసియున్నారు. 10 గంటల 27 నిమిషముల 47 సెకండ్లలో తారుఫీ బ్రెషియా చేరెను. ఫాన్ ట్రిప్స్ మూడు నిమిషముల తేడాతో రెండవవాడు.

బ్రెషియా ఇక ఎంతో దూరము లేదనగా, గ్విడిజ్జోలో గ్రామము సమీపమున తిన్నని రోడ్డుపై డి పోర్తాగో కారు టైరు పగిలెను. గంటకు 200 కిలోమీటర్లకు పైబడిన వేగమున నున్న ఆ కారు గాలిలోని కెగిరి రోడ్డుప్రక్కన నిలిచిన జనముపై బడెను. డి పోర్తాగోయు, ప్రక్కనున్న సహచరుడు నెల్సనును, 9 మంది ప్రేక్షకులును మరణించిరి. ఆ ప్రేక్షకులలో 5గురు పిల్లలు. ఆ దారి మాంతోవామీదుగా పోవుట 1954లోనే మొదలైనది. 1953లో మరణించిన ఆ నగరవాసియైన మహావీరుడు నువొలారీ గౌరవార్థము దానిని చేర్చియుండిరి.

ఇటలీ ప్రభుత్వము కొలది దినములలోనే రోడ్లపై ఇట్టి వేగపు పందెములను నిషేధించెను. టైర్ల విషయమున ఎంజో ఫెరారీపై నడచిన నేరవిచారణ 1961లో అతడు నిర్దోషియన్న తీర్పుతో ముగిసెను. ముప్పదియేండ్ల మిల్లె మిల్యా చరిత్రకు తారుఫీ చివరి విజేత యయ్యెను. అతడు మాట తప్పక పందెములనుండి విరమించెను. తరువాత ఒక అమెరికా పత్రికయందు అతడు వ్రాసిన వ్యాసమునకు శీర్షిక: మేము మరల చంపకముందే మమ్ము ఆపుడు.

ఆ శీర్షికలోని ‘మేము’ అను మాటను మనము గమనింపవలెను. తప్పు మరణించిన డి పోర్తాగోదని అతడనలేదు, టైరుదని తప్పించుకొనలేదు. తనను కూడ ఆ లెక్కలో చేర్చుకొనెను. డి పోర్తాగో టైరునకు జరిగినది తన టైరునకు జరుగక పోవుట తన నేర్పువలన కాదని అతనికి తెలియును. పందెగాడు తనకు రాగల ఆపదను తూచుకొని, ఇష్టపడి, కారెక్కును. రోడ్డుగట్టుపై నిలిచి చేతులూపు బాలుడు ఆ తూకము వేయలేదు, వేయజాలడు. అతని పక్షమున వేయవలసినవారు కారు చేసినవారు, నడుపువారు, అనుమతించినవారు. ఓడినవాడు ఈ మాట యన్నచో అసూయ యందుము, చూడనివాడన్నచో పిరికితనమందుము. గెలిచినవాడే అనుటచేత దానికి బరువు కలిగెను.

మూసివేసిన దారులైనను పూర్తిగా నిరపాయములు కావని 1961లో తేలెను. మోంజాలో ఫాన్ ట్రిప్స్ కారు ప్రేక్షకులలోనికి పోగా అతడును, పదిమందికి పైగా జనమును మరణించిరి. కంచెలు, కట్టలు, దూరములు క్రమక్రమముగా నేర్చుకొనబడినవి.

తారుఫీ వేగమును ద్వేషించినవాడు కాడు. మలుపులలో కారు నెట్లు నడుపవలెనో పటములతో, లెక్కలతో వివరించు గ్రంథమును రచించెను. అది పందెగాండ్రకు పాఠ్యగ్రంథమువంటిదయ్యెను. రోము నగరమునకు ఉత్తరమున నున్న వల్లెలుంగ పందెపు దారి నేడు అతని పేరనే పిలువబడుచున్నది. 1988 జనవరి 12న అతడు రోములో మరణించెను. మిల్లె మిల్యా పేరు కూడ పూర్తిగా అంతరింపలేదు. 1977 నుండి పాతకాలపు కార్లు ఆ దారులవెంట మరల తిరుగుచున్నవి. అయితే ఇప్పుడు గెలుపు అందరికంటె ముందు వచ్చినవానిది కాదు. నిర్ణయించిన వేళకు ఖచ్చితముగా చేరినవానిది. లెక్కయందు అంత ఆసక్తిగల తారుఫీ చరిత్రతో ముగిసిన పందెమునకు ఈ నియమము తగియున్నదని మేము తలంతుము.