పీనో న్వార్‌కి ఊరి పేరుంది, ఇప్ప సారాకి లేదు

ఒరెగాన్‌లో ఉద్యోగాలు చేసుకుంటున్న మా కుటుంబం పిల్లలు ఈమధ్య పీనో న్వార్ అనే ద్రాక్ష సారాయి గురించి తెగ చెబుతున్నారు. వాళ్ళ దగ్గరి విలమెట్ లోయది ఒక రుచట, న్యూజిలాండ్ సెంట్రల్ ఒటాగోది ఇంకో రుచట, పుట్టిల్లయిన ఫ్రాన్స్‌లోని బర్గండీది మరో రుచట. పెద్ద కంపెనీల సీసాలు వదిలేసి, నాలుగెకరాల తోటవాడు చేసింది వెతుక్కుని మరీ కొంటారట. బాగానే ఉంది. కొట్పాడ్‌లో మూడు తరాలుగా ఉంటున్నవాళ్ళం కాబట్టి ఈ మాట విన్నప్పుడు నాకు మన చుట్టుపక్కల ఊళ్ళే గుర్తొచ్చాయి.

ముందు వాళ్ళ సంగతి. 1395లో బర్గండీ డ్యూక్ ఫిలిప్ గామే అనే ద్రాక్షని పీకెయ్యమని ఆజ్ఞ ఇచ్చాడు, పీనోకి పోటీ లేకుండా. ఫ్రెంచి విప్లవం తర్వాత మఠాల తోటలు వేలం వేశారు, ఆపైన వారసత్వ చట్టం పిల్లలందరికీ సమాన వాటా అంది. దాంతో తోటలు ముక్కలైపోయాయి. క్లో ద వూజో అనే తోట మొత్తం 125 ఎకరాలు, యజమానులు 80 మంది దాకా! ఒక్కొక్కడివి కొన్ని వరసలు, అంతే. 1935లో ఫ్రాన్స్ చట్టం చేసింది: ఏ ఊరి నేలలో పండిందో ఆ ఊరి పేరే సీసా మీద ఉండాలి, పక్క ఊరివాడు ఆ పేరు వాడుకోకూడదు. 1936లో గెవ్రే-షాంబెర్తాన్ లాంటి ఊళ్ళకి ఆ హక్కు వచ్చింది.

ఇక మన వైపు. కోరాపుట్, రాయగడ కొండల్లో ముఖ్యంగా మూడు రకాలు. చోళ్ళు పులియబెట్టి చేసే లొందా మొదటిది. రెండోది జీలుగు కల్లు. ఒడియాలో సలప అంటారు. తాడిచెట్టు ఏటేటా గీతకొస్తుంది కానీ జీలుగు అలా కాదు. బాగా ఎదిగాక పైనుంచి కిందకి గెల తర్వాత గెల వేసుకుంటూ వచ్చి, కొన్నేళ్ళకి ఆఖరి గెలతో చెట్టే చచ్చిపోతుంది. అందుకే ఒక్కో చెట్టు ఒక్కో ఇంటి ఆస్తి, ఎవరిదో ఊరందరికీ తెలుసు. పొద్దున్న తియ్యగా ఉన్న కల్లు సాయంత్రానికి పులుపెక్కుతుంది. కాబట్టి దాని పేరు నడిచి వెళ్ళగలిగినంత దూరమే పాకుతుంది. బొండా కొండల వాళ్ళ జీవితంలో ఈ చెట్టుకి ఎంత చోటుందో వెరియర్ ఎల్విన్ 1950లో అచ్చయిన ‘బొండో హైలాండర్’లో రాశాడు.

మూడోది ఇప్ప సారా. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్పచెట్టు పూలు తెల్లవారుజామున రాలుతాయి. చెట్టు కింద ఆకులు ముందే కాల్చి నేల శుభ్రం చేసుంచుకుంటారు, ఆడవాళ్ళూ పిల్లలూ చీకటితోనే బుట్టలు పట్టుకెళ్తారు. ఎండబెడితే కిస్మిస్‌లా అవుతుంది, అందులో సగానికి పైగా చక్కెరే. నాలుగైదు రోజులు నానబెట్టి పులిశాక కుండలో పెట్టి కాస్తారు. ఆవిరి వెదురుగొట్టం లోంచి పోయి చల్లబడిన కుండలో బొట్లు బొట్లుగా దిగుతుంది. మొదట దిగింది ఘాటు, తర్వాతది పల్చన. పువ్వు ఎంత ఎండింది, నీళ్ళు ఏ వాగువి, కట్టె ఏది, కాచేది ఎవరు, ఇవన్నీ రుచిలో తేలతాయని తెలిసినవాళ్ళు చెబుతారు. విలమెట్ లోయవాళ్ళు చెప్పేదీ సరిగ్గా ఇదే కదా.

మరి వాళ్ళకి ఊరి పేరు దక్కి, వీళ్ళకి ఎందుకు దక్కలేదు? నేలలోనో చేతిలోనో లోపం ఉందనుకోను. చట్టం చూసిన చూపులోనే తేడా.

ఈ ప్రాంతం అప్పట్లో మద్రాసు రాజధానిలో విశాఖపట్నం జిల్లా ఏజెన్సీ, జయపురం జమీందారీ. సర్కారుకి సారా అంటే ఆదాయం. ఎవరికి వాళ్ళు కాచుకుంటే పన్ను ఎక్కడిది? అందుకని గీత హక్కులు, కాపు హక్కులు వేలం పాట పాడటం మొదలైంది. గోదావరి ఏజెన్సీలో ఏమైందో మనకి తెలుసు. కొండవాళ్ళు సొంతానికి గీసుకునే కల్లు కాంట్రాక్టరు చేతిలోకి పోయింది, దానికి తోడు మన్సబ్‌దారు చిగురు పన్ను. 1879 మార్చిలో రంప భగ్గుమంది. రంప పితూరీ అనగానే మనకి 1922 నాటి అల్లూరి సీతారామరాజు గుర్తొస్తాడు గానీ, నలభై మూడేళ్ళ ముందటి ఆ పితూరీకి ముఖ్య కారణాల్లో ఒకటి కల్లు. అయినా 1886లో మద్రాసు ఆబ్కారీ చట్టం వచ్చి పద్ధతి ఇంకా బిగిసింది.

దుకాణం వచ్చాక అప్పు వచ్చింది. డబ్ల్యు. ఫ్రాన్సిస్ 1907లో కూర్చిన విశాఖపట్నం గెజిటీర్‌లో సారా అమ్మే సొండీలు కొండవాళ్ళకి అరువిచ్చి భూములు లాక్కున్న సంగతి ఉంది. వేసవిలో కారుచౌకగా తీసుకున్న పువ్వే వానాకాలంలో సారాగా మారి వాళ్ళకే అమ్ముడయ్యేది. తీర్చలేనివాడు గోతి, అంటే వెట్టి మనిషి. దీన్ని ఆపడానికే 1917లో ఏజెన్సీ చట్టం తెచ్చి వడ్డీ నూటికి 24 దాటకూడదన్నారు, కొండవాళ్ళ భూమి బయటివాళ్ళకి పోకూడదన్నారు. కోరాపుట్‌లో అధికారిగా పనిచేసిన గోపీనాథ్ మహంతి 1945లో రాసిన ‘పరజా’ నవలలో ఇదంతా ఉంది. ఇంట్లో సారా కాచాడని జరిమానా పడిన కుర్రాడు అది కట్టడానికి సాహుకారు దగ్గర గోతి అవుతాడు. మన పిల్లలు తప్పక చదవాల్సిన పుస్తకం.

ఇక్కడ మనవాళ్ళ మాట కూడా చెప్పుకోవాలి. జిల్లా కచేరీ విశాఖలో ఉండేది, గుమాస్తాలూ వర్తకులూ చాలామంది తెలుగువాళ్ళే. ఆ కాగితాలు రాసిన చేతులు, ఆ సంతల్లో తక్కెడ పట్టిన చేతులు మన పెద్దవాళ్ళవి కూడా. మా ఇంట్లో ఇప్ప సారా అనే మాట తిట్టులాగే వినపడేది. అది తాగేవాళ్ళు చెడిపోయారనేవారు తప్ప, అప్పు ఎవరిచ్చారని ఎవరూ అడిగేవారు కాదు.

1936 ఏప్రిల్ 1న కోరాపుట్ కొత్త ఒరిస్సా రాష్ట్రంలోకి వెళ్ళింది. గెవ్రే ఊరికి సీసా మీద పేరు దక్కింది కూడా ఆ సంవత్సరమే, చిత్రం చూడండి. అవతల తెలుగునాట మద్యం ప్రభుత్వాలనే కూల్చింది. 1954లో ప్రకాశం గారి మంత్రివర్గం పడిపోయింది మద్యనిషేధం గొడవ మీదే. 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణాల మీద లేచారు, 1995లో నిషేధం వచ్చింది, 1997లో పోయింది. ఆ ఆడవాళ్ళ కోపం న్యాయమైనదే. తాగుడు ఇళ్ళు కూల్చడం కొండల్లోనూ ఉంది, దాన్ని అందంగా చెప్పక్కర్లేదు. అయితే ఇంటి కుండ వేరు, కాంట్రాక్టరు దుకాణం వేరు. 1975 నాటి కేంద్ర మార్గదర్శకాలు ఈ తేడా గుర్తించాయి: గిరిజన ప్రాంతాల్లో వ్యాపార దుకాణాలు ఎత్తెయ్యండి, ఇంటి వాడకానికి కాచుకోనివ్వండి అని. 1996 నాటి పెసా చట్టం మత్తు పానీయాల మీద అధికారం గ్రామసభకే ఇచ్చింది. కోరాపుట్, రాయగడ రెండూ ఐదో షెడ్యూలు ప్రాంతాలే.

ఊరి పేరు మన దగ్గర అసలు దక్కదనీ కాదు. తొగరు వేరు రంగుతో మిర్గన్ నేతగాళ్ళు నేసే కొట్పాడ్ బట్టకి 2005లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2019లో అరకు కాఫీకి, 2024లో కోరాపుట్ కాలాజీరా బియ్యానికి కూడా వచ్చింది. సారా విషయంలో మధ్యప్రదేశ్ ముందడుగు వేసి ఇప్ప సారాని వారసత్వ మద్యం అని, గిరిజన సంఘాల చేత చేయించి సీసాల్లో అమ్ముతోంది. మన చిత్తూరు జిల్లాలో కలబంద లాంటి అగేవ్ నుంచి సారా తీసిన డెస్మండ్ నజరెత్ 2018లో ఇప్ప సారా కూడా సీసాకెత్తాడు. ఆ సీసాల మీద కంపెనీ పేరుంది, పువ్వు పేరుంది. తెల్లవారుజామున పువ్వు ఏరిన ఊరి పేరు ఇంకా ఎక్కలేదు.