దెర్జు గ్రామపు కోటగుడి

కోట యనగానే రాజులు కట్టించినదని తలంతుము. కొండవీటిని, గోలకొండను ఎరిగిన మనకది సహజమే. కాని పల్లెవాసులు తమ ప్రాణములకును, తమ గింజలకును రక్షగా ఏర్పరచుకొన్న కోట యొకటి రుమేనియా దేశమున ట్రాన్సిల్వేనియా సీమలో గలదు.

ఆ యూరు సేకెయ్‌దెర్జ్. క్లుప్తముగా దెర్జు అందము. రుమేనియనులు దిర్జియు అందురు. అచ్చటివారు సేకెయ్ తెగవారు; మాతృభాష హంగేరియను. 1920 నాటి సంధివలన ఆ సీమ రుమేనియాకు చెందినను వారు తమ భాషను విడువలేదు.

పూర్వము తాతారుల దండయాత్రలకు, తురుష్కుల దండయాత్రలకు ఆ ప్రాంతము తల్లడిల్లెడిది. అందుచే ఊరివారు తమ దేవాలయము చుట్టును ప్రాకారమును, బురుజులను నిర్మించిరి. గోడ లోపలి ప్రక్క గింజల పెట్టెలుంచిరి. శత్రువు వచ్చునప్పటికి తిండి ముందే లోపల నుండును. భయము తీరిన పిదపను ఆ యలవాటు పోలేదు. పొగబెట్టిన పందిమాంసమును బురుజున వ్రేలాడదీయు ఆచారము మన కాలము వరకును నిలిచినది. లెక్కలు వ్రాయుటలో జీవితము గడపిన నాకు ఇందొక సంగతి మిక్కిలి నచ్చినది: గోడ ఉమ్మడిది, పెట్టె ఎవరిది వారిది.

మతవిషయమునను ఆ సీమవారు ఇట్టి పద్ధతినే యత్నించిరి. యానోష్ జిగ్మొండ్ ప్రభువు కాలమున, 1568లో, తోర్డా పట్టణమున కూడిన సభ, ప్రతి గ్రామమును తనకు నచ్చిన బోధకుని ఉంచుకొనవచ్చుననియు, మతము నిమిత్తమై ఎవరిని బాధింపరాదనియు శాసించెను. దేవుడొక్కడే గాని త్రిత్వము లేదని బోధించిన ఫెరెంత్స్ దావీదు యూనిటేరియను సంఘమునకు మూలపురుషుడు. ఆ ప్రభువు 1571లో గతించెను. పిదప దావీదు మతమున క్రొత్త మార్పులు తెచ్చుచున్నాడని శిక్షితుడై, 1579లో దేవా కోట చెరసాలలో కన్నుమూసెను. శాసనము కాగితముపై నున్న చాలదు. దానిని నిలువబెట్టు మనుష్యులు కావలెను. దెర్జువారు ఆ మతమును నేటికిని నిలుపుకొన్నారు.

ఆ గుడి గోడలపై పూర్వపు కాథలికుల నాటి చిత్రములు గలవు. లాస్లో రాజర్షి ఒక కన్యను చెరనుండి విడిపించిన కథ వానిలో నొకటి. 1419 సంవత్సరము చిత్రమునందే లిఖితమై యున్నది. చిరకాలము సున్నపుపూత క్రింద దాగి, పందొమ్మిదవ శతాబ్దమున మరల వెలికి వచ్చినవి. 1999లో ఈ కోటగుడి గల గ్రామము ప్రపంచ వారసత్వ స్థలముల జాబితాలో చేరినది. ఆ సీమనుండి జాబితాకెక్కిన కోటగుడి గ్రామములు ఏడు. వానిలో ఆరు జర్మను భాషీయులు కట్టుకొన్నవి, సేకెయ్‌లది ఇదియొక్కటే.

చదువరులారా! మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండినవి. పుస్తకములు ఉమ్మడివి, చదివి గ్రహించినది ఎవరిది వారిది. చందా చెల్లించుటకు వెనుదీయువారు దెర్జు గోడను తలంపవలెను: గోడకు గండిపడినచో ఏ యింటి పెట్టెయు మిగులదు.