షికాగో పోలీసు బాసు దాచిన పాటలు

1901 నుంచి 1905 దాకా షికాగో పోలీసు శాఖకు అధిపతిగా ఉన్న ఫ్రాన్సిస్ ఓనీల్‌కు స్వరం రాయడం రాదు. ఫ్లూట్ వాయించేవాడు, విన్న వరస మరిచేవాడు కాదు. 1848లో ఐర్లండ్‌లోని కార్క్ కౌంటీలో పుట్టి, పడుచుతనంలోనే ఓడెక్కి, దేశాలు తిరిగి చివరికి షికాగోలో స్థిరపడ్డాడు. చిన్ననాట ఊళ్లో విన్న వరసలు తన తరంతోనే పోతాయేమోనన్న దిగులు ఆయన్ని వదల్లేదు. ఆయన కూనిరాగం తీస్తుంటే తోటి పోలీసు జేమ్స్ ఓనీల్ స్వరాలు రాసుకునేవాడు. ఇద్దరిదీ ఇంటిపేరొకటే గానీ చుట్టరికం లేదు. అలా పోగుపడిన 1,850 వరసలు 1903లో పుస్తకంగా అచ్చయ్యాయి.

అయితే కాగితం మీద నిలిచేది వరస మాత్రమే. వాయించేవాడు ఏ స్వరాన్ని విరిచాడో, ఎక్కడ సాగదీశాడో, దరువు ఎక్కడ ఊగిందో అచ్చులోకి రాదు. ఐరిష్ సంగీతానికి ప్రాణమే అక్కడుంది. అందుకే ఓనీల్ ఎడిసన్ ఫోనోగ్రాఫును కూడా నమ్ముకున్నాడు. దాని కొమ్ము ముందు కూర్చుని వాయిస్తే సూది మైనపు గొట్టం మీద గాడి చెక్కుతుంది. ఒక్కో గొట్టంలో పట్టేది రెండు నిమిషాల పైచిలుకే. వేసి విన్న ప్రతిసారీ గాడి కాస్త అరుగుతుంది. పై మైనం గీకేస్తే మళ్లీ కొత్త పాట ఎక్కించుకోవచ్చు. ఆ సదుపాయమే పాత పాటలకు గండం.

ఆ రోజుల్లో ఈ యంత్రాన్ని అందరికంటే బాగా వాడుకున్నవాడు ప్యాట్సీ టూయీ. గాల్వే కౌంటీలో 1865లో పుట్టి, చిన్నతనంలోనే అమెరికా చేరాడు. ఆయన వాద్యం ఇల్లిన్ పైప్స్. ఊపిరితో పని లేదు, మోచేతి కింద తిత్తి నొక్కితే గాలి అందుతుంది. వాద్యంలోని కొన్ని గొట్టాలు శ్రుతి పట్టి ఉంటాయి. మరికొన్నింటి మీటలను మణికట్టుతో నొక్కితే తోడు స్వరాలు పలుకుతాయి. నాటకశాలల్లో హాస్యమాడుతూ వాయించి పేరు తెచ్చుకున్న టూయీ, 1900ల మొదట్లో సొంతంగా మైనపు గొట్టాల మీద ధ్వనిముద్రణ చేసి, పత్రికల్లో ప్రకటన ఇచ్చి, అడిగినవాళ్లకు పోస్టులో పంపేవాడు. ఏ కంపెనీ కోసమూ ఎదురుచూడని ఆ చొరవంటే నాకెంతో గౌరవం.

ఓనీల్ తన దగ్గరున్న గొట్టాలు కొన్నింటిని ఐర్లండ్‌లోని పండితుడు ఫాదర్ రిచర్డ్ హెనెబ్రీకి పంపాడు. టూయీ వాదనం విని ఆ పండితుడు పరవశించిపోయాడు. ఆయన కూడా ఫోనోగ్రాఫు పట్టుకుని పల్లెల్లో పాటలు ముద్రించినవాడే. మరికొన్ని గొట్టాలు మిల్వాకీలో ఉన్న స్నేహితుడు మైకేల్ డన్‌కు చేరాయి. డన్ వృత్తికి అగ్నిమాపక ఉద్యోగి, ప్రాణం ఫిడేలు. ఆ గొట్టాల పెట్టె ఆయన కుటుంబం ఇంటి అటక మీద దశాబ్దాల తరబడి ఉండిపోయి, 2003లో బయటపడింది. మిల్వాకీలోని వార్డ్ ఐరిష్ సంగీత భాండాగారం వాటిని డిజిటల్‌లోకి మార్పించింది. ఇప్పుడు గరగర శబ్దం వెనక టూయీ పైపులే కాదు, ఎడ్వర్డ్ క్రోనిన్, జాన్ మెక్‌ఫాడెన్ ఫిడేళ్లు కూడా వినిపిస్తాయి. పుస్తకంలో ఓనీల్ ఎవరి వరసలు అచ్చువేశాడో, వాళ్ల వాయింపే ఇది.

రికార్డు కంపెనీలు ఐరిష్ వాద్యసంగీతం మీద గట్టిగా దృష్టి పెట్టింది ఆ తర్వాతే. 1916లో న్యూయార్క్ దుకాణదారు ఎలెన్ ఓబర్న్ డివిట్ 500 గ్రామఫోను ప్లేట్లు తనే కొంటానని మాటిచ్చాకే కొలంబియా కంపెనీ ముందుకొచ్చింది. 1920లలో స్లైగో కౌంటీ ఫిడేలు విద్వాంసుడు మైకేల్ కోల్‌మన్ ప్లేట్లు సముద్రం దాటి ఐర్లండ్ పల్లెలకు చేరాయి. ఊరూరా కుర్రాళ్లు ఆయన బాణీనే పట్టుకున్నారు. కోల్‌మన్ గొప్పవాడే, సందేహం లేదు. కానీ ఆ హోరులో ఎన్నో ఊళ్ల సొంత బాణీలు పలచబడ్డాయి. ప్లేట్లు రాకముందు ఎవరు ఎలా వాయించేవారో చెవితో తెలుసుకోవాలంటే ఈ మైనపు గొట్టాల దగ్గరికే రావాలి.

1986లో ప్యాట్ మిచెల్, జాకీ స్మాల్ టూయీ ముద్రణలను పట్టిపట్టి విని, ఆయన వేళ్ల పనితనాన్ని స్వరాల్లో రాసి పుస్తకంగా వేశారు. ఇల్లిన్ పైప్స్ వాయించేవాళ్లు దాన్ని ముందు పెట్టుకుని సాధన చేస్తారు. ఎక్కడైనా అనుమానం వస్తే టూయీనే అడుగుతారు, ముద్రణ మళ్లీ వేసుకుని.