గ్రాన్ టూరిస్మో 5: విడుదల జాప్యం, ఊహాగానాల చరిత్ర

గ్రాన్ టూరిస్మో 5 అనేది జపాన్‌కు చెందిన పాలిఫనీ డిజిటల్ సంస్థ ప్లేస్టేషన్ 3 కోసం రూపొందించిన కారు పందేల వీడియో గేమ్. కజునోరి యమౌచి దీని రూపకర్త. సోనీ కంప్యూటర్ ఎంటర్‌టైన్‌మెంట్ సంస్థ 2010 నవంబరు 24న దీన్ని విడుదల చేసింది. అంతకు ముందు భాగమైన గ్రాన్ టూరిస్మో 4 జపాన్‌లో 2004 డిసెంబరు 28న వచ్చింది. అంటే రెండింటి మధ్య దాదాపు ఆరేళ్లు గడిచాయి. ఆ కాలంలో అధికారికంగా ప్రకటించిన గడువు రెండుసార్లు తప్పింది. ఆట ఏమైంది, ఎప్పుడు వస్తుంది, అసలు వస్తుందా అన్న చర్చ ప్రపంచమంతటా అభిమానుల్లో నడిచింది. వీడియో గేముల చరిత్రలో ఆలస్యమైన సీక్వెళ్ల ప్రస్తావన వచ్చినప్పుడల్లా తరచుగా వినిపించే పేర్లలో ఇదొకటి.

తొలి భాగాలు

యమౌచి 1967లో జపాన్‌లోని కషివాలో జన్మించారు. కార్టూన్ శైలిలో సాగే మోటార్ టూన్ గ్రాండ్ ప్రీ అనే పందెపు ఆటతో ఆయన ఈ రంగంలో పేరు తెచ్చుకున్నారు. ఐదేళ్ల పాటు తయారైన గ్రాన్ టూరిస్మో తొలి భాగం 1997 డిసెంబరు 23న జపాన్‌లో విడుదలైంది. అప్పటి పందెపు ఆటల్లో ఎక్కువ భాగం ఊహాజనితమైన వేగాన్ని చూపేవి. ఇది మాత్రం మార్కెట్లో దొరికే మామూలు కార్లను వాటి బరువు, పట్టు, ఇంజిను శక్తి తేడాలతో సహా తెర మీదికి తెచ్చింది. లైసెన్సు పరీక్షలు నెగ్గి, పాత కారు కొనుక్కుని, పందేల్లో గెలిచిన డబ్బుతో దాన్ని మెరుగుపరచుకుంటూ పోయే పద్ధతి ఆటగాళ్లను కట్టిపడేసింది. కోటికి పైగా కాపీలు అమ్ముడయ్యాయి. 1998లో పాలిఫనీ డిజిటల్ ప్రత్యేక సంస్థగా ఏర్పడింది. 1999 డిసెంబరులో సుమారు 650 కార్లతో రెండో భాగం వచ్చింది.

వాయిదాల ఆనవాయితీ

మూడో భాగాన్ని మొదట గ్రాన్ టూరిస్మో 2000 అన్న పేరుతో చూపించారు. ప్లేస్టేషన్ 2 జపాన్‌లో 2000 మార్చిలో వచ్చింది. ఆట మాత్రం ఆ ఏడాది రాలేదు. పేరు మార్చుకుని గ్రాన్ టూరిస్మో 3 ఎ-స్పెక్‌గా 2001 ఏప్రిల్‌లో వచ్చింది. ఆలస్యమైనా దీని ఆదరణకు లోటు రాలేదు. సుమారు 1.49 కోట్ల కాపీలతో శ్రేణిలోనే అత్యధికంగా అమ్ముడైన భాగాల్లో ఒకటిగా నిలిచింది.

నాలుగో భాగం దగ్గర మరో పద్ధతి మొదలైంది. పూర్తి ఆట సిద్ధం కాకపోవడంతో 2003 డిసెంబరులో ప్రోలాగ్ పేరుతో ఒక చిన్న భాగాన్ని డబ్బుకు అమ్మారు. పూర్తి ఆట ఏడాది తర్వాత వచ్చింది. అది కూడా ముందు హామీ ఇచ్చిన ఆన్‌లైన్ పందేలు లేకుండానే వచ్చింది. జేబులో పట్టే ప్లేస్టేషన్ పోర్టబుల్ కోసం 2004లోనే ప్రకటించిన గ్రాన్ టూరిస్మో అయితే 2009 అక్టోబరు 1న గానీ అందలేదు. ఐదో భాగం మీద మొదటి నుంచీ అభిమానులకు కలిగిన అనుమానాలకు ఈ అనుభవాలే పునాది.

హెచ్‌డీ ప్రయత్నం, ఐదో భాగం ప్రోలాగ్

ప్లేస్టేషన్ 3 కోసం పాలిఫనీ మొదట తలపెట్టింది గ్రాన్ టూరిస్మో హెచ్‌డీ. ఇందులో కార్లను, ట్రాకులను విడివిడిగా డబ్బు చెల్లించి కొనుక్కునే ఏర్పాటు ఉంటుందన్న వార్త 2006లో పెద్ద చర్చకు దారితీసింది. చివరికి ఆ ప్రణాళికను విరమించుకున్నారు. దాని స్థానంలో 2006 డిసెంబరు 24న జపాన్‌లో గ్రాన్ టూరిస్మో హెచ్‌డీ కాన్సెప్ట్ అనే ఉచిత డౌన్‌లోడ్ ఇచ్చారు. ఆల్ప్స్ పర్వతాల నేపథ్యంలో ఐగర్ నార్డ్‌వాండ్ అనే ఒకే ట్రాకు, కొద్దిపాటి కార్లు ఇందులో ఉండేవి.

2007 డిసెంబరు 13న జపాన్‌లో, 2008 వసంతంలో ఐరోపా, అమెరికాల్లో గ్రాన్ టూరిస్మో 5 ప్రోలాగ్ విడుదలైంది. అమెరికాలో దీని ధర 39.99 డాలర్లు. సుజుకా, ఫుజి, డేటోనా, లండన్ వీధులు సహా ఆరు ప్రదేశాలు, తర్వాతి అప్‌డేట్లతో కలిపి 70కి పైగా కార్లు ఇందులో ఉన్నాయి. ఫెరారీ కార్లు కూడా ఇందులో ఉన్నాయి. స్టీరింగ్, మీటర్లు, డ్రైవరు చేతులతో సహా కారు లోపలి భాగాన్ని అద్భుతంగా చూపించారు. అసంపూర్ణమైన ఆటను ధర పెట్టి అమ్ముతున్నారన్న విమర్శ వచ్చినా 50 లక్షలకు పైగా కాపీలు అమ్ముడయ్యాయి. దీంతో అసలు ఆట మీద ఆశ పెరిగింది, ఎదురుచూపూ పెరిగింది.

2009: పెరిగిన ఆశలు

2009 జూన్‌లో లాస్ ఏంజెలెస్‌లో జరిగిన ఈ3 ప్రదర్శనలో చూపిన ట్రైలర్‌లో నాస్కార్ పందేలు, ప్రపంచ ర్యాలీ చాంపియన్‌షిప్ కార్లు కనిపించాయి. ఆగస్టులో కొలోన్‌లో జరిగిన గేమ్స్‌కామ్ ప్రదర్శనలో యమౌచి మరిన్ని వివరాలు వెల్లడించారు. మొత్తం వెయ్యి కార్లు ఉంటాయని, వాటిలో 170 ప్రీమియం తరగతికి, 830 స్టాండర్డ్ తరగతికి చెందుతాయని చెప్పారు. ఈ విభజనే తర్వాత వచ్చిన పలు ఊహాగానాలకు మూలమైంది. స్టాండర్డ్ కార్లంటే పాత ప్లేస్టేషన్ 2 నమూనాలేనా, వాటికి లోపలి దృశ్యం ఉంటుందా, ఢీకొన్నప్పుడు అవి దెబ్బతింటాయా అన్న ప్రశ్నలకు నెలల తరబడి స్పష్టమైన జవాబు రాలేదు.

సెప్టెంబరులో టోక్యో గేమ్ షోలో మొదటి గడువు ప్రకటించారు. జపాన్‌లో 2010 మార్చిలో విడుదల అన్నారు. అదే కాలంలో ఒక ఆటోమొబైల్ పత్రికతో మాట్లాడుతూ, ఈ ఆట తయారీకి సుమారు 6 కోట్ల డాలర్లు ఖర్చయిందని యమౌచి చెప్పారు. కావాలనుకుంటే ఏ క్షణానైనా విడుదల చేయగలమని, మెరుగులు దిద్దడానికే సమయం తీసుకుంటున్నామని ఆయన చెప్పిన మాట అభిమానుల్లో రెండు వర్గాలను సృష్టించింది. ఆట సిద్ధంగా ఉందని ఒక వర్గం నమ్మింది. సిద్ధంగా ఉంటే ఎందుకు ఆపుతారని రెండో వర్గం నిలదీసింది.

2009 డిసెంబరు 17 నుంచి 2010 జనవరి 24 వరకు ఒక ఉచిత డెమో అందుబాటులో ఉంది. నిస్సాన్‌తో కలిసి నిర్వహించిన జీటీ అకాడమీ పోటీలో భాగంగా దీన్ని ఇచ్చారు. ఆటలో ప్రతిభ చూపినవారికి నిజమైన రేసు కారు నడిపే అవకాశం కల్పించే పోటీ ఇది. ఇండియానాపోలిస్ రోడ్ కోర్సు మీద నిస్సాన్ 370జెడ్ కారును ఒంటరిగా నడిపి ల్యాప్ సమయాన్ని తగ్గించుకోవడమే అందులోని పని. మామూలు కారు ఒకటి, ట్యూనింగ్ చేసిన కారు ఒకటి ఇచ్చారు. పోటీ కార్లు లేవు. అయినా బ్రేకు నొక్కగానే కారు బరువు ముందు చక్రాల మీదికి ఒరగడం, మలుపులో యాక్సిలరేటరు తొందరపడి తొక్కితే వెనుక భాగం జారిపోవడం ఆటగాళ్లు తమ చేతుల్లోనే గమనించారు. డ్రైవింగ్ అనుభూతి పరంగా పని దాదాపు పూర్తయిందనడానికి ఇంతకన్నా గట్టి ఆధారం అప్పటికి మరొకటి లేదు.

2010: రెండు వాయిదాలు

2010 జనవరి మొదట్లో లాస్ వెగాస్‌లో జరిగిన సీఈఎస్ ప్రదర్శనలో సోనీ తన త్రీడీ టెలివిజన్ల మీద గ్రాన్ టూరిస్మో 5ను చూపించింది. కొద్ది రోజులకే మార్చి విడుదల వాయిదా పడిందని ప్రకటన వెలువడింది. తయారీకి అనుకున్నదాని కంటే ఎక్కువ సమయం పడుతోందన్నది క్లుప్తంగా చెప్పిన కారణం. కొత్త తేదీ చెప్పలేదు.

జూన్‌లో ఈ3 వేదిక మీద రెండో గడువు వచ్చింది. అమెరికాలో 2010 నవంబరు 2 అన్నారు. ఆగస్టులో ప్రత్యేక సంచికల వివరాలు కూడా బయటకు రావడంతో ఇక ఆగదని అభిమానులు నమ్మారు. అయితే అక్టోబరు మధ్యలో, విడుదలకు మూడు వారాలు కూడా లేని సమయంలో మరోసారి వాయిదా ప్రకటించారు. ఏడాది చివరి పండుగ సీజన్‌లోపు తప్పక వస్తుందని మాత్రమే చెప్పారు. చివరికి నవంబరులో 24వ తేదీని ఖరారు చేశారు.

ఈ పది నెలల్లో వాయిదాల గురించి వినిపించిన ఊహాగానాలను మూడు రకాలుగా విడదీయవచ్చు.

మొదటిది, ఆటను ప్లేస్టేషన్ 3 మీద పక్కన పెట్టి తర్వాతి యంత్రానికి తరలిస్తారన్నది. గ్రాన్ టూరిస్మో హెచ్‌డీ విషయంలో ప్రణాళిక మారిపోవడం ఈ వాదనకు ఊతమిచ్చింది.

రెండోది, వాయిదా వ్యాపార వ్యూహమన్నది. త్రీడీ టెలివిజన్ల అమ్మకాల కోసం, పండుగ సీజన్ కోసం సోనీ కావాలనే ఆపుతోందని కొందరు రాశారు. 2010లో సోనీ ప్లేస్టేషన్ 3కు త్రీడీ సౌకర్యం తెచ్చిన మాట నిజమే. అక్కడి నుంచే ఈ ఊహ పుట్టింది.

మూడోది, రక్షణ వ్యవస్థకు సంబంధించినది. 2010 ఆగస్టులో యూఎస్‌బీ పరికరంతో ప్లేస్టేషన్ 3 రక్షణను ఛేదించే మార్గం బయటపడింది. పైరసీకి దొరక్కుండా డిస్కులను కొత్త సిస్టమ్ సాఫ్ట్‌వేర్‌తో మళ్లీ ముద్రించాల్సి రావడమే అక్టోబరు వాయిదాకు కారణమని ప్రచారం జరిగింది. సోనీ ప్రకటనలో మాత్రం దీని ప్రస్తావన లేదు.

జాప్యానికి కారణాలు

ఊహాగానాలన్నిటికంటే స్పష్టమైన వివరణ యమౌచి ఇంటర్వ్యూల్లోనే ఉంది. ప్లేస్టేషన్ కాలంలో ఒక కారు నమూనా తయారీకి ఒక రోజు, ప్లేస్టేషన్ 2 కాలంలో ఒక నెల సరిపోయేదని, ప్లేస్టేషన్ 3 ప్రీమియం కారుకు ఆరు నెలలు పడుతోందని ఆయన చెప్పారు. తొలి భాగంలో ఒక కారుకు సుమారు 300 పాలిగాన్లు (త్రీడీ రూపాన్ని కూర్చే బహుభుజాలు) వాడితే, మూడు, నాలుగు భాగాల్లో అవి సుమారు 4,000కు, ఐదో భాగం ప్రోలాగ్ నాటికి దాదాపు 2 లక్షలకు పెరిగాయి. హెడ్‌లైటు అద్దం లోపలి రిఫ్లెక్టరు, సీటు కుట్లు, డ్యాష్‌బోర్డు మీటరులోని ముల్లు దాకా ప్రతిదీ విడిగా మలచాల్సిందే. ఒక కారుకు ఒకరు చొప్పున పని చేశారనుకుంటే, 200 కార్లకు వంద మంది ఏడాది శ్రమ కావాలి. వెయ్యి కార్లనూ ఆ స్థాయిలో చేయాలంటే అదే బృందానికి ఐదేళ్లు పడుతుంది.

ప్లేస్టేషన్ 3లోని సెల్ ప్రాసెసర్ నిర్మాణం మరో భారం. ఒక ప్రధాన కోర్‌తో పాటు పలు చిన్న సహాయక కోర్లు ఉన్న ఈ ప్రాసెసర్ నుంచి పూర్తి శక్తి రాబట్టాలంటే ప్రోగ్రామ్‌ను దాని తీరుకు తగ్గట్టు ముక్కలుగా విభజించి రాయాలి. మెమరీ కూడా 256 మెగాబైట్ల చొప్పున రెండు భాగాలుగా చీలి ఉండేది. ఒకే పందెంలో 16 కార్లు, మారే వాతావరణం, పగలు రాత్రి మార్పు, ఆన్‌లైన్ పందేలు అన్నీ ఇందులోనే ఇమడాలి. ఇదే కాలంలో మైక్రోసాఫ్ట్‌కు చెందిన టర్న్ 10 సంస్థ ఫోర్జా మోటార్‌స్పోర్ట్ 2ను 2007 మేలో, మూడో భాగాన్ని 2009 అక్టోబరులో తెచ్చింది. పోటీదారు రెండేళ్లకో ఆట ఇస్తుంటే పాలిఫనీ మీద ఒత్తిడి పెరగడం సహజం.

విడుదల, ఆదరణ

విడుదలైన ఆటలో వెయ్యికి పైగా కార్లు, 26 ప్రదేశాల్లో 71 ట్రాకు రూపాలు ఉన్నాయి. నూర్‌బర్గ్‌రింగ్, మోంజా, లా సార్త్, బ్రిటిష్ టెలివిజన్ కార్యక్రమం టాప్ గేర్ పరీక్ష ట్రాకు వాటిలో కొన్ని. ఫార్ములా వన్ ఇంజినీరు ఏడ్రియన్ న్యూయీ సహకారంతో రూపొందిన రెడ్ బుల్ ఎక్స్2010 అనే ఊహాజనిత కారు ప్రత్యేక ఆకర్షణ. ఆటగాడే ట్రాకు తయారుచేసుకునే కోర్స్ మేకర్, కార్ట్ పందేలు కొత్తగా వచ్చాయి.

స్టాండర్డ్ కార్ల గురించిన అనుమానం మాత్రం నిజమైంది. అవి నాలుగో భాగం నుంచి, పోర్టబుల్ భాగం నుంచి తెచ్చినవే. తలుపుల అంచులు, గ్రిల్లు విడిగా మలచినవి కాక ఉపరితలం మీద అద్దిన బొమ్మలుగా కనిపించేవి. డ్రైవరు సీటు నుంచి చూసే దృశ్యం వాటికి మొదట లేదు. 2011 అక్టోబరులో వచ్చిన స్పెక్ 2.0 అప్‌డేట్ నల్లని నీడ రూపంలో ఒక సాధారణ లోపలి దృశ్యాన్ని చేర్చింది. గరుకుగా కనిపించే నీడలు, దీర్ఘమైన ఇన్‌స్టాలేషన్ మీద కూడా విమర్శలు వచ్చాయి. సమీక్షల సగటు మార్కులు చూపే మెటాక్రిటిక్‌లో తొలి భాగానికి 96, మూడో భాగానికి 95, నాలుగో భాగానికి 89 మార్కులు రాగా, ఐదో భాగానికి 84 వచ్చాయి. అమ్మకాలు మాత్రం ఘనంగా సాగాయి. 2010 డిసెంబరు నాటికే 55 లక్షల కాపీలు, మొత్తం మీద 1.1 కోట్లకు పైగా అమ్ముడయ్యాయి. ఆట ఆన్‌లైన్ సేవలను 2014 మే 31న నిలిపివేశారు.

తర్వాతి భాగాలు

ఆరో భాగం 2013 డిసెంబరులో సకాలంలోనే వచ్చింది. కానీ అందులో ప్రకటించిన కోర్స్ మేకర్ 2015 దాకా అందలేదు. 2016 నవంబరులో రావలసిన గ్రాన్ టూరిస్మో స్పోర్ట్ 2017 అక్టోబరుకు, 2021లో రావలసిన ఏడో భాగం కోవిడ్ కారణంగా 2022 మార్చి 4కు వాయిదా పడ్డాయి.

అంచనా

ఐదో భాగం చుట్టూ అల్లుకున్న ఊహాగానాల్లో ఆట ప్లేస్టేషన్ 3 మీద రాదన్నది తప్పని తేలింది. వ్యాపార వ్యూహం, పైరసీ భయం అన్న వాదనలు ఊహలుగానే మిగిలాయి. పాత నమూనాలను వాడతారన్న అంచనా నిజమైంది. ఆ అంచనా పుకార్ల మీద ఆధారపడింది కాదు, సంస్థ స్వయంగా చెప్పిన 170, 830 అన్న అంకెల నుంచి పుట్టింది. ఒక్కో కారుకు ఆరు నెలలన్న లెక్క ముందే అందరి ఎదుటా ఉంది. ఆలస్యాన్ని అర్థం చేసుకోవడానికి ఆ ఒక్క లెక్క చాలు. ప్రీమియం కార్లను అంత శ్రద్ధతో మలచాలన్న పాలిఫనీ పట్టుదల మెచ్చదగినదే అయినా, చేయగలిగినదాని కంటే ఎక్కువ మాట ఇవ్వడమే ఈ జాప్యానికి మూలకారణం.