కొడవలి కణమూ – ఎముకల పోటూ

ఒక జబ్బుకు పేరు పెట్టే అధికారం ఎవరిది? ఈ ప్రశ్న నాకు గ్రంథాలయంలో పుట్టలేదు. రెండేళ్ళ క్రితం మా నాన్నగారికి తోడుగా ఒక ఆసుపత్రి వార్డులో పడుకున్న రాత్రి, పక్కమంచం మీద పుట్టింది.

మా నెల్లూరు తీరంలో పొలాలు రొయ్యల గుంటలయ్యాక, వాటికి కాపలా ఉండేందుకు దూరప్రాంతాల కుర్రాళ్ళు రావడం మామూలైపోయింది. ఇతనిది పాడేరు ఏజన్సీ. ఇరవై ఏళ్ళుంటాయేమో. రాత్రంతా వానలో తడుస్తూ గుంటగట్టు మీద కాపలా కాశాడు. తెల్లారేసరికి తొడలూ నడుమూ పట్టేశాయి. సికిల్ సెల్ ఉన్నదని ఏజన్సీలో రక్తపరీక్ష చేసి ఇచ్చిన కార్డు జేబులోనే ఉంది. అక్కడివాళ్ళు కార్డును నమ్మారు గాని మనిషిని నమ్మలేదు. జ్వరం లేదు, వాపు లేదు, ఎక్స్‌రేలో విరిగిందేమీ లేదు. ఒక సూది వేశారు. గంట తర్వాత మళ్ళీ అడిగితే, “మందుకు అలవాటు పడ్డట్టున్నాడు” అన్నారు. “ఎముకల్లో ఎవులో గునపం దింపుతున్నట్టుంది బాబూ” అని అతను నాతో అన్నాడు. అంతకంటే కచ్చితమైన రోగవర్ణన ఆ వార్డులో ఆ రాత్రి ఎవరూ చేయలేదు.

ఈ జబ్బు వైద్యగ్రంథాలకెక్కింది 1910లో. గ్రెనడా దీవినుంచి షికాగో వచ్చి దంతవైద్యం చదువుతున్న వాల్టర్ క్లెమెంట్ నోయెల్ అనే నల్లజాతి విద్యార్థి రక్తంలో కొడవళ్ళవంటి కణాలు కనిపించాయని జేమ్స్ హెరిక్ ఆ ఏడు ప్రకటించాడు. పేరు కణం ఆకారాన్నిబట్టి స్థిరపడింది. శ్రమజీవి చేతి పనిముట్టు పేరు ఇలా శ్రమజీవి నెత్తుటిలో స్థిరపడడం ఒక చేదు విచిత్రమే. 1916లో నోయెల్ చనిపోయాడు. హెరిక్ పేరు తెలిసినంతమందికి అతని పేరు తెలియదు.

ఆఫ్రికా ప్రజలు ఈ జబ్బుకు అంతకుముందే పేర్లు పెట్టుకున్నారు. ఘనాలో గా భాషవారు దీన్ని ‘చ్వెచ్వెచ్వె’ అన్నారని ఆ దేశపు వైద్యుడు కొనోటీ అహులు రాశాడు. ఆ ధ్వని ఆకారానిది కాదు, కీళ్ళను కొరికే నొప్పిది. సూక్ష్మదర్శిని వెనకనున్నవాడికి కొడవలి కనిపించింది; మంచం మీదున్నవాడికి కొరుకుడు వినిపించింది. చరిత్రలో మొదటివాడి మాటే నిలిచింది.

తర్వాతి కథ ప్రయోగశాలలది. ఇది హీమోగ్లోబిన్ అణువులోని లోపమని 1949లో పౌలింగ్ బృందం తేల్చింది. నెల్లూరూ నీలగిరులూ ఒకే మద్రాసు రాష్ట్రంలో ఉన్న 1952లో, నీలగిరి కొండజాతులలో ఈ కణాలున్నట్టు వెల్లడైంది. ఈ లక్షణాన్ని తల్లిదండ్రులలో ఒక్కరినుంచే పొందినవాళ్ళకు మలేరియానుంచి కొంత రక్షణ ఉంటుందని 1954లో ఆలిసన్ చూపించాడు. ఇద్దరినుంచీ వస్తే జబ్బు. ప్రాణవాయువు వదిలేసిన కణం గట్టిపడి వంగుతుంది, సన్నని నాళాల్లో ఇరుక్కుంటుంది, ఆవలి ఎముకకు నెత్తురందదు. చలి, దాహం, అలసట, అంటువ్యాధి దీన్ని రేపుతాయి. గుంటగట్టు కాపలాలో వీటిలో ఏది తక్కువ?

ఇక మందు సంగతి. నల్లమందు చరిత్ర మనకు కొత్త కాదు. గాజీపూరులో ముద్దలు కట్టించిన సరుకును చైనా ప్రజల నెత్తిన రుద్దడానికి ఆంగ్లేయులు 1839లోనూ 1856లోనూ యుద్ధాలకు దిగారు. స్వతంత్ర భారతం లైసెన్సుమీద మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ రైతులచేత ఆ పంటే పండించి, పరదేశాల మందుల కంపెనీలకు ఎగుమతి చేస్తూ వచ్చింది. మార్ఫిన్ తయారయ్యేది అందులోంచే. 1985లో మాదకద్రవ్యాల చట్టం వచ్చాక, ఆసుపత్రి ఆ మందు తెచ్చుకోవాలంటే నాలుగైదు అనుమతి పత్రాలు కావలసివచ్చాయి. పన్నెండేళ్ళు తిరిగేసరికి వైద్యంలో దాని వాడకం నూటికి తొంభై వంతులకు పైగా పడిపోయింది. దొంగవ్యాపారికి వేసిన వలలో రోగి చిక్కుకున్నాడన్నమాట. 2014 సవరణ ముడులు కొన్ని విప్పింది గాని, బీరువా తాళం తీసే చేతికి భయం ఇంకా పోలేదు.

బ్రిటన్‌లో నైస్ అనే సంస్థ 2012లో ఇచ్చిన సూచనలు చదివి నేను ఆశ్చర్యపోయాను. ఈ నొప్పితో వచ్చినవారికి అరగంటలోపు మందు పడాలి, నొప్పి లొంగేవరకు ప్రతి అరగంటకూ వచ్చి అడగాలి, పెథిడిన్ ఇవ్వకూడదు, అన్నిటికీ మించి, తన జబ్బు విషయంలో రోగినే నిపుణుడిగా లెక్కించాలి. ఆ చివరి వాక్యం ఏ విమర్శకుడూ రాయవలసినంత ప్రజాస్వామికమైనది. మన దేశంలో 2023 జులై 1న షాదోల్‌లో మొదలైన సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం ఏడు కోట్లమందిని పరీక్షించాలనుకుంది. మంచిదే. కాని పరీక్ష లెక్కకు వస్తుంది. అర్ధరాత్రి వార్డులో మందు ఎంతసేపటికి అందిందో ఏ లెక్కకూ రాదు.

సాహిత్యకారులకు ఇందులో పనేమిటని అడగవచ్చు. 1975లో మెల్జాక్ అనే కెనడా శాస్త్రజ్ఞుడు నొప్పిని కొలవడానికి యంత్రం చేయలేదు, మాటలు పోగుచేశాడు. డెబ్బైఎనిమిది ఆంగ్లపదాలను ఇరవై గుంపులుగా పేర్చి రోగుల ముందు పెట్టాడు. మనకూ తక్కువ లేవు: తలకు పోటు, గడ్డకు సలుపు, కాళ్ళకు తీపు; ఇంకా పీకు, గుంజు, కలుక్కు, జివ్వు. వీటిలో ఏ ఒక్కటీ మరొకదానికి బదులు రాదు. ఇంత సంపద ఉన్నా మన కథల్లో రోగి దగ్గుతాడు, నెత్తురు కక్కుతాడు, పక్కవాడి కరుణకు సందర్భమై చనిపోతాడు. తన నొప్పిని తన మాటల్లో చెప్పుకునే రోగి ఎంత అరుదో మన కథాసంపుటాలు తిరగేస్తే తెలుస్తుంది. కొండభాషల్లో నొప్పికి ఎన్ని మాటలున్నాయో మనం అడిగిందీ లేదు.

తెల్లవారి డ్యూటీకి వచ్చిన డాక్టరమ్మ కార్డు చూసి, “ఎక్కడ? ఎట్లా ఉంది?” అని అడిగి, చెప్పిందంతా విన్నది. సెలైన్ ఎక్కించి, దుప్పటి కప్పించి, మార్ఫిన్ ఇప్పించింది. మళ్ళీ వచ్చి అడిగింది. లోతుగా ఊపిరి తియ్యి, లేకపోతే ఛాతీలోకి దిగుతుందని నేర్పింది. పదిగంటలకు అతని కళ్ళు మూతలు పడసాగాయి. నిద్రపోయేముందు నన్ను దగ్గరికి పిలిచి, గుంట ఆసామికి ఫోను చేసి ఈ రెండు రోజుల కూలి కొయ్యొద్దని చెప్పమన్నాడు.