అకాలపు పూత – పంచాంగపు లెక్క

పోయిన కార్తీకమాసంలో మా పెరటి మామిడిచెట్టు తూర్పుకొమ్మ ఒక్కటి పూతకు వచ్చింది. అది పునాస మామిడి కాదు. ఏటా సంక్రాంతికి కాస్త ముందువెనుకలుగా పూచే చెట్టు. పొరుగింటి పెద్దావిడ గోడ మీదుగా చూచి, "మాస్టారూ, అకాలంలో పూస్తే అరిష్టమండీ. ఆ కొమ్మ కొట్టించెయ్యండి" అన్నారు. కొట్టించలేదు. కాని ఆ నమ్మకం ఎంత పాతదో చూద్దామని పుస్తకాల బీరువా తెరిచాను.

6వ శతాబ్దికి చెందిన వరాహమిహిరుని బృహత్సంహితలోనే అది ఉన్నది. ఉత్పాతాలను చెప్పే అధ్యాయంలో, వృక్షాల వికృతులను లెక్కించేచోట, అకాలంలో పూయడం, కాయడం కూడ దుశ్శకునాలుగా చేరాయి. అయితే అదే గ్రంథంలో, అంతకు చాలా ముందు, సూర్యచారాన్ని గురించిన అధ్యాయంలో మరొక మాట ఉన్నది. ఉత్తరాయణం ధనిష్ఠ మొదట ఆరంభమవుతుందని పూర్వశాస్త్రాలు చెప్పాయి. ఒకప్పుడు అట్లే ఉండి ఉంటుంది. ఇప్పుడు మాత్రం మకరం మొదటనే ఆరంభమవుతున్నది. తేడాను ప్రత్యక్షపరీక్ష చేత తెలుసుకోవాలి అని దాని తాత్పర్యం. పరీక్షించే పద్ధతినీ ఆయనే చెప్పాడు. సూర్యుడు ఉదయించే చోటును దూరపు గుర్తుతో సరిచూడాలి, లేదా శంకువు నీడను గమనించాలి. ఒకే గ్రంథంలో భయమూ ఉన్నది, పరీక్షా ఉన్నది. మనం మొదటిదాన్ని గుర్తుంచుకొని రెండవదాన్ని మరచిపోయాము.

మనం అంటున్నాను గాని, ముందు నన్నే అనుకోవాలి. ముప్పైయేళ్ళకు పైగా "చైత్ర వైశాఖములు వసంత ఋతువు" అని పిల్లల చేత వల్లె వేయించినవాణ్ణి. ఒక ఉగాది మరునాడు ఏడవ తరగతి పిల్లవాడొకడు లేచి, "ఊరంతా తిరిగినా వేపపువ్వు దొరకలేదండీ. వసంతం ఇంకా రాలేదా మాస్టారూ?" అని అడిగాడు. తరగతి గొల్లుమన్నది. నేను వాణ్ణి గంట కొట్టేదాకా నిలబెట్టాను. వాడు అడిగింది వరాహమిహిరుడు మెచ్చుకొనే ప్రశ్న అని ఇన్నాళ్ళకు తెలిసింది. వాడికి ఆనాడు చెప్పవలసిన జవాబు ఇది.

నాయనా, జరిగేది ఒకటి కాదు, మూడు. మొదటిది చంద్రుని లెక్క. పన్నెండు చాంద్రమాసాలకు దాదాపు 354 రోజులే. ఏటా పదకొండు రోజులు వెనుకబడి, అధికమాసం రాగానే మళ్ళీ సర్దుకొంటుంది. అందుకే ఉగాది 2023లో మార్చి 22న, 2024లో ఏప్రిల్ 9న వచ్చింది. చెట్టు తిథిని చూచుకొని పూయదు. ఉగాది ముందుగా వచ్చిన ఏట వేపపువ్వు కోసం వెదుక్కోవలసిందే.

రెండవది నక్షత్రాల లెక్క. మన కార్తెలు సూర్యుడు ఏ నక్షత్రంలో ఉన్నాడో చెబుతాయి. ఋతువులు నడిచేది నక్షత్రాలను బట్టి కాదు, అయనాలను, విషువాలను బట్టి. ఈ రెంటి నడుమ సుమారు 72 ఏళ్ళకొక రోజు చొప్పున ఎడం పెరుగుతున్నది. వరాహమిహిరుని కాలంలో మకర సంక్రమణమూ, సూర్యుడు ఉత్తరానికి మరలడమూ ఇంచుమించు ఒకటే. ఇప్పుడు సూర్యుడు డిసెంబరు 21, 22 తేదీలలో మరలుతున్నాడు. మనం సంక్రాంతిని జనవరి 14న గాని 15న గాని చేసుకొంటున్నాము. రోళ్ళు పగిలే రోహిణి, చల్లబరచే మృగశిర కూడ ఋతువుల లెక్కలో అంతే దూరం జరిగాయి. ఈ తేడాను గుర్తించే, మేఘనాథ్ సాహా అధ్యక్షతన 1952లో ఏర్పడిన పంచాంగ సంస్కరణ సంఘం విషువానికి ముడిపడిన జాతీయ పంచాంగాన్ని సూచించింది. అది 1957 మార్చి 22 నుండి అమలులోకి వచ్చింది. ఆకాశవాణి వార్తల ముందు ఆ తేదీని విన్నవారమే గాని, వాడుకొన్నవారం ఎందరం?

మూడవది ఈ రెంటికీ చెందనిది. జపానులోని క్యోటో నగరంలో చెర్రీ పూత నిండుగా విరిసిన దినాలు 9వ శతాబ్ది నుండి దినచర్య పుస్తకాలలో, రాజవంశ చరిత్రలలో దొరుకుతున్నాయి. వారిదీ అప్పట్లో చాంద్రమాన పంచాంగమే. పండితులు వాటిని ఇప్పటి తేదీలలోకి మార్చి వరుసగా పేర్చారు. ఆ వరుసలో అన్నిటికంటె ముందు పూచిన తేదీ 1409లోని మార్చి 27. 2021లో చెట్లు మార్చి 26న నిండుగా పూచి దానిని దాటాయి. ఇక్కడ చంద్రుని తప్పు లేదు, నక్షత్రాల తప్పూ లేదు. వేడెక్కిన వసంతమే కారణం. ఇంగ్లండులో రాబర్ట్ మార్షమ్ అనే భూస్వామి 1736లో పూతలు, చిగుళ్ళు, పక్షుల రాకలు వ్రాయడం మొదలుపెట్టగా, ఆయన వంశీకులు 1958 దాకా కొనసాగించారు.

వేడి పెరిగితే అన్నీ ముందే పూస్తాయని కాదు. మామిడికి పూత రావాలంటే రాత్రులు చల్లబడాలి. చలి ఆలస్యమైతే పూతా ఆలస్యమవుతుంది. కనుక మా కొమ్మ ఒక్క ఏడు తొందరపడినంత మాత్రాన ఏదీ ఋజువు కాదు. ముప్పైయేళ్ళ తేదీలు నా దగ్గర ఉంటే ఏమైనా చెప్పగలిగేవాణ్ణి. ప్రబంధాలలోని ఋతువర్ణనలను అన్నేళ్ళు పాఠం చెప్పాను గాని, కిటికీ బయటి చెట్టు పూచిన రోజును ఒక్కసారీ వ్రాసుకోలేదు.

ఇప్పుడు ఒక నోటుపుస్తకం తెరిచాను. తిథి, కార్తె వ్రాసి, పక్కన తప్పక ఇంగ్లీషు తేదీ కూడ వేస్తున్నాను. ముందటి తరాలు సరిపోల్చుకోగలిగేది దానితోనే. తూర్పుకొమ్మ పూత చాలావరకు మంచుకు మాడి రాలిపోయింది. నాలుగు పిందెలు నిలిచాయి. అదీ వ్రాశాను.

మీ పెరట్లో వేప ఏనాడు పూచిందో చూచి వ్రాసిపెట్టుకోండి. ఆ పిల్లవాడు ఎక్కడున్నాడో తెలియదు. కనబడితే ఆ పుస్తకం వాడికే ఇస్తాను.