క్లాస్ యాక్షన్ దావాలు, ఆగే గడువు

ఒకే నష్టానికి గురైన అందరి తరఫున ఒకరు క్లాస్ యాక్షన్ దావా వేస్తే, మిగతావారు విడిగా కోర్టుకెక్కడానికి ఉన్న గడువు అప్పటికి ఆగుతుంది. అమెరికా ఫెడరల్ కోర్టుల్లో ఈ సూత్రానికి ‘అమెరికన్ పైప్’ అని పేరు. 1974 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పిచ్చిన కేసులో ప్రతివాదిగా ఉన్న కంపెనీ పేరది.

ఫెడరల్ సివిల్ నిబంధనల్లోని 23వ రూల్‌ను 1966లో తిరగరాశారు. అప్పటినుంచి నష్టపరిహారపు దావాల్లో, తప్పుకుంటామని చెప్పని వారందరికీ తీర్పు వర్తిస్తుంది. దాంతో చాలామంది తమ పని తాము చూసుకుంటూ ఆ దావామీదే ఆధారపడ్డారు. తీరా కోర్టు దాన్ని క్లాస్ దావాగా నడపనివ్వకపోతే వాళ్ల హక్కు ఏమవుతుంది?

ఆ ప్రశ్న పైపుల కేసులో తేలింది. పడమటి రాష్ట్రాల్లో ఉక్కు, కాంక్రీటు పైపుల ధరలను కంపెనీలు కుమ్మక్కై పెంచాయని ఫెడరల్ ప్రభుత్వం పెట్టిన కేసు 1968 మే 24న ముగిసింది. ఆపైన బాధితులకు చట్టం ఇచ్చిన వ్యవధి ఒక్క ఏడాది. యూటా రాష్ట్రం 1969 మే 13న, ఇంకా 11 రోజులుందనగా, తన పరిధిలోని స్థానిక సంస్థల తరఫున కూడా దావా వేసింది. క్లాస్‌గా నడపడానికి తగినంత మంది లేరని డిసెంబరు 4న జిల్లా కోర్టు తేల్చింది. ఎనిమిది రోజులకే 60కి పైగా పట్టణాలు, నీటి సరఫరా సంస్థలు తమను చేర్చుకోమని అడిగితే, కాలదోషం పట్టిందంటూ కాదంది.

సుప్రీంకోర్టు ఆ మాట ఒప్పుకోలేదు. యూటా దావా వేసిన రోజునే గడువు ఆగిందనీ, క్లాస్ హోదా నిరాకరించాకే మళ్లీ మొదలైందనీ జస్టిస్ పాటర్ స్టీవర్ట్ రాశారు. మిగిలిన 11 రోజుల్లో ఎనిమిదే గడిచాయి. గడువు ఆగకపోతే ప్రతి ఒక్కరూ ముందుజాగ్రత్తగా తలా ఒక దావా పడేస్తారు, ఉమ్మడి దావాకు అర్థమే ఉండదు. ప్రతివాదికీ అన్యాయం లేదు: తనమీద ఏ ఆరోపణ ఉందో, ఎవరి తరఫునో అతనికి మొదటి రోజే తెలుసు.

చేరేవారికే కాక విడిగా దావా వేసేవారికీ ఇది వర్తిస్తుందని 1983లో క్రౌన్ కార్క్ అండ్ సీల్ కేసు తేల్చింది. జాతివివక్షపై ఫిర్యాదు చేసిన ఉద్యోగికి, దావా వేసుకోవచ్చన్న నోటీసు అందాక ఉండే గడువు 90 రోజులే. ఆ నోటీసు అందిన దాదాపు రెండేళ్లకు వేసినా అతని దావా నిలిచింది.

తర్వాత హద్దులు పడ్డాయి. లీమన్ బ్రదర్స్ బాండ్లు కొన్న కాలిఫోర్నియా ఉద్యోగుల పెన్షన్ నిధి, క్లాస్ దావా నడుస్తుండగానే 2011లో సొంతంగా దావా వేసింది. సెక్యూరిటీల చట్టంలోని మూడేళ్ల తుదిగడువును ఏ కారణంతోనూ ఆపడానికి వీల్లేదంటూ 2017లో సుప్రీంకోర్టు 5-4 తేడాతో దాన్ని తోసిపుచ్చింది. ఇలాగైతే ముందుజాగ్రత్త దావాలు మళ్లీ మొదలవుతాయని జస్టిస్ గిన్స్‌బర్గ్ విభేదించారు. ఆమె మాటలోనే బలం ఎక్కువ. మరుసటి ఏడు చైనా అగ్రిటెక్ కేసులో తీర్పు ఆమే రాశారు: ఆగిన గడువు వ్యక్తిగత దావాకే పనికొస్తుంది, దాన్ని పట్టుకుని కాలం మీరాక మరో క్లాస్ దావా వేయడం కుదరదు. ఇదంతా ఫెడరల్ చట్టాల కింద వేసే దావాల సంగతి. రాష్ట్రాల చట్టాల కింద వేసేవాటికి గడువు ఆగేదీ లేనిదీ ఆయా రాష్ట్రాలే నిర్ణయిస్తాయి.